మొసలి పట్టులో ఉన్నంతసేపూ

మా తిరుమలగిరికి బమ్మెర పెద్ద దూరమేం కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో ఉంది. 15వ శతాబ్దంలో పోతన అక్కడే పొలం దున్నుకుంటూ భాగవతాన్ని తెలుగు చేశాడని, రాజుకు అంకితం ఇమ్మంటే ఇవ్వనని రాముడికే ఇచ్చుకున్నాడని మా వైపు చదువురాని పెద్దలు కూడా చెబుతారు. నా ఉద్యోగమంతా ఆ పోతన పద్యాలు హైస్కూలు పిల్లలకు చెప్పడంతోనే గడిచింది. సంధులు, సమాసాలు, ఛందస్సు, ప్రతిపదార్థం. ఆ పద్యాలు మంచాన పడ్డ మనిషిని ఎట్లా పట్టుకుంటాయో మాత్రం నేను బడి బయట, మా ఆయన కిడ్నీలు పాడయ్యాక చూశాను.

మా సూర్యాపేట జిల్లాలో ఆపద వస్తే మనుషులు ఎటు నడుస్తారో అందరికీ తెలిసిందే. కృష్ణ ఒడ్డున మట్టపల్లి నరసింహస్వామి సన్నిధిలో 11 రోజులుండి, ఏట్లో స్నానం చేసి 32 ప్రదక్షిణలు చేస్తారు. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు హిందువులు, ముస్లింలు కలిసి పోయి కందూరు చేస్తారు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లి పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరలో గట్టంతా ‘ఓ లింగా’ అని మోగిపోతుంది. ఇవన్నీ లేచి నడవగలిగినవాళ్లు వెళ్లి వచ్చే చోట్లు. డయాలసిస్ కోసం వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు కదలకుండా పడుకోవాల్సిన మనిషి ఎక్కడికి పోతాడు? రాత్రి రెండింటికి ఊపిరాడక లేచి కూర్చున్న మనిషికి ఏ గుడి తలుపు తీసి ఉంటుంది? దేవుడు ఎప్పుడూ వెంటే ఉంటాడన్న మాట హరికథలో వింటే బాగానే ఉంటుంది. ఆస్పత్రి మంచం దగ్గర ఆ మాట ఎట్లా నిలబడుతుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఆయన ఆర్టీసీ కండక్టరు. షుగరు, బీపీ రెండూ ఉండేవి. కిడ్నీలను దెబ్బతీసే కారణాల్లో ఈ రెండూ ముందు వరుసలో ఉంటాయి. కాళ్ల వాపు డ్యూటీలో నిలబడి నిలబడి వచ్చిందేలే అనుకుంటూ ఉండగానే రెండు కిడ్నీలూ పనిచేయడం తగ్గిపోయింది. ఎడమ చేతి మణికట్టు దగ్గర ధమనిని సిరతో కలిపి కుట్టారు. దాన్ని ఫిస్టులా అంటారు. కొన్ని వారాలకు ఆ సిర లావెక్కి, రెండు పెద్ద సూదులకు తట్టుకునే బలం తెచ్చుకుంటుంది. ఒక సూది నుంచి నెత్తురు బయటికొచ్చి, సన్నటి పోగులతో నిండిన డయలైజర్ గొట్టం గుండా పోయి, అక్కడ మలినాలు, మిగులు నీరు వదిలించుకుని రెండో సూది గుండా తిరిగి ఒంట్లోకి చేరుతుంది. మనకు కిడ్నీలు రాత్రింబవళ్లు చేసిపెట్టే పని అది. మిషన్ దాన్ని దఫాలవారీగా చేస్తుంది కాబట్టి రెండు దఫాల మధ్య ఒంట్లో నీరు పేరుకుంటుంది.

ఫిస్టులా మీద వేలు పెడితే లోపల జుమ్మని అదురుతూ ఉంటుంది. నర్సమ్మ మొదటి రోజే ఆయన వేలు పట్టుకుని అక్కడ పెట్టించి చెప్పింది: “పొద్దున లేవంగనే ఇది చూసుకోవాలె బాబాయ్. ఇది ఆగిందంటే ఏ పనున్నా ఇడిసిపెట్టి రావాలె.” అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేవగానే కుడిచేతి రెండు వేళ్లు ఎడమ మణికట్టు మీదికి పోయేవి. కాసేపు కళ్లు మూసుకుని ఉండేవారు. తర్వాతే మంచం దిగడం.

సూదుల నొప్పి కంటే ఎక్కువగా ఆయన్ని బాధపెట్టింది దాహం. టీ, మజ్జిగ, చారు అన్నీ కలుపుకుని రోజంతటికీ లీటరు లోపే తాగాలన్నారు. మే నెలలో మా దగ్గర ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. నేను నీళ్లు తాగాలంటే వంటింటి తలుపు మూసుకుని, గ్లాసు చప్పుడు కాకుండా తాగేదాన్ని. ఆయనకు ఒక ఐసు ముక్క నోట్లో పెట్టేదాన్ని. అది కరిగేదాకా మాట్లాడేవారు కాదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఏం తోచక గజేంద్రమోక్షం తీసి చదవడం మొదలుపెట్టాను. భాగవతం ఎనిమిదో స్కంధంలో ఉందీ కథ. త్రికూట పర్వతం మీద ఏనుగుల మంద. ఎండకు దప్పిగొని మడుగుకు వస్తాయి. ఆ మడుగును పోతన ఎంత ఇష్టంగా వర్ణించాడో తెలుగు చదివినవాళ్లకు తెలుసు. తామరలు, అలలు, నీటి పక్షులు. ఏనుగులు తొండాలనిండా నీళ్లు పట్టి తాగడం, ఒకదాని మీద ఒకటి చిమ్ముకోవడం. ఇన్నేళ్లూ నేను ఆ భాగాన్ని గబగబా దాటేసి అసలు ఘట్టానికి వచ్చేదాన్ని, సిలబస్ అట్లా తరిమేది. ఆయన మాత్రం అక్కడే ఆపారు. “గా నీళ్ల కాడ మల్లొక్కసారి సదువు” అన్నారు. చదివాను. మళ్లీ అడిగారు. పద్యాల్లో సగం మాటలకు ఆయనకు అర్థం తెలియదు, విడమరిచి చెప్పేదాన్ని. దాహంతో వచ్చిన ఏనుగుకు ఆ నీళ్లలోనే మొసలి పట్టుకుంటుందని విన్నప్పుడు, “ఆఁ, నీళ్లే పట్టుకున్నయి” అని తన వాచిన కాళ్లవైపు చూసుకున్నారు.

ఆ తర్వాత కథ నాకు ఏ పుస్తకంలోనూ దొరకని తీరుగా అర్థమవుతూ వచ్చింది. మొసలికీ ఏనుగుకూ పోరు వెయ్యేళ్లు సాగిందంటుంది భాగవతం. ఆ వెయ్యేళ్లలో గజేంద్రుడు దేవుణ్ణి పిలవడు. బలం ఉంది, పోరాడతాడు. బలం తగ్గుతూ వస్తుంది, అయినా పోరాడతాడు. తోడు వచ్చిన ఆడ ఏనుగులు ఏమీ చేయలేవు, అట్లాగని ఒక్కణ్ణి వదిలి పోవడానికి వాటికి కాళ్లూ రావు. ఒడ్డున నిలబడి చూస్తూ ఉంటాయి. డయాలసిస్ గది బయట బెంచీల మీద కూర్చునే ఆడవాళ్లను మీరు ఎప్పుడైనా చూశారా? టిఫిన్ డబ్బా, మందుల సంచి, ఆరోగ్యశ్రీ కాగితాలు ఒళ్లో పెట్టుకుని, తలుపు తెరుచుకున్న ప్రతిసారీ తలెత్తి చూసే మా అందరినీ పోతన ఆ ఒక్క పద్యంలో నిలబెట్టాడు.

ఇక గజేంద్రుడి మొర. ఆ ప్రార్థనలో గొప్పదనం ఎక్కడుందని పిల్లల్ని అడిగితే ‘భక్తి’ అని రాసేవాళ్లు, నేనూ మార్కులు వేసేదాన్ని. పోతన గజేంద్రుడు ముందు సందేహపడతాడు. దిక్కులేనివాళ్లకు దిక్కుగా ఉన్నాడంటారే, అసలు ఉన్నాడా లేడా అని బాహాటంగానే అడుగుతాడు. ఆ అనుమానాన్ని దాచిపెట్టి పిలవడు, అనుమానంతోనే పిలుస్తాడు. దేవుడు ఆ మాటకు కోపగించుకోలేదు. ఆ మొర వినే కదా వైకుంఠం నుంచి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా, శంఖచక్రాలైనా అందుకోకుండా పరుగుపెట్టాడని పోతన రాసింది. భయంలో ఉన్న మనిషికి ఇంతకంటే పెద్ద ధైర్యం ఏముంటుంది? గట్టి నమ్మకం కుదిరాకే పిలవాలని షరతు లేదు.

మా ఆయనకు ప్రహ్లాదుడు అంతగా పట్టలేదు. “వాడు పోరడు గని, వానికి భయమే లేదు. నాకు రోజూ భయమే” అనేవారు. కుంతీదేవి కృష్ణుణ్ణి ఆపదలు వస్తూనే ఉండనీ, అప్పుడైతేనే నువ్వు కనిపిస్తావు అని అడిగిన ఘట్టం చెబితే చేతులు జోడించి, “గంత ధైర్యం నాకు లేదు” అన్నారు. నేను ఒత్తిడి చేయలేదు. కానీ ప్రహ్లాదుడి కథలో ఒకటి నాకు ఇప్పటికీ ఆనుకోవడానికి దొరుకుతుంది. శూలాలతో పొడిపించారు, ఏనుగులతో తొక్కించారు, పాములతో కరిపించారు, మంటల్లో వేశారు, కొండ మీది నుంచి తోశారు. ఒక్క శిక్షనూ విష్ణువు ముందుగా వచ్చి ఆపలేదు. విష్ణువు నరసింహుడై వెలువడిన స్తంభం ఆ రోజు కొత్తగా పుట్టింది కూడా కాదు. హిరణ్యకశిపుడు దాని పక్కనే రోజూ కొలువు తీర్చాడు, పిల్లవాడు దాని ముందు నుంచే శిక్షలకు నడిచాడు. ఆ రోజులన్నిటిలోనూ ఉన్నవాడే చివరికి బయటపడ్డాడు.

మా ఆయన మనసుకు దగ్గరైనవాడు రామదాసు. కోదాడ దాటి ఖమ్మం జిల్లాలోకి పోతే నేలకొండపల్లి, రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. గోల్కొండ సుల్తాను తానీషా కాలంలో భద్రాచలం వైపు తహసీల్దారుగా ఉండి, సర్కారు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి, 12 ఏళ్లు గోల్కొండ చెరలో ఉన్నాడని మనందరం విన్న కథ. కోటలో ఆ గది ఇప్పటికీ చూపిస్తారు. గోడ మీద దేవతల బొమ్మలు ఉంటాయి, రామదాసు తన చేత్తో చెక్కుకున్నవని చెబుతారు. ఆ చెరలోంచి ఆయన పాడిన కీర్తనల్లో వినయం ఎంతుందో నిష్ఠూరమూ అంతే ఉంది. నీకు ఈ నగ చేయించాను, ఇంత ఖర్చయింది, ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని రాముణ్ణే నిలదీస్తాడు. తిట్టి, మళ్లీ ఆ తిట్టును మనసులో పెట్టుకోవద్దని బతిమాలుకుంటాడు. పక్కన లేనివాణ్ణి ఎవరూ అట్లా తిట్టరు. మా ఆయన కూడా డయాలసిస్ అయ్యి నీరసంగా బస్సులో కిటికీకి ఆనుకుని వస్తూ, అర్వపల్లి రాగానే గుట్ట మీది నరసింహస్వామికి ఒక చెయ్యెత్తి దండం పెట్టి, “ఇయ్యాల మస్తు సతాయించినవు స్వామీ” అనేవారు. బస్సులో ఎవరైనా వింటారని కూడా చూసేవారు కాదు.

ఈ నిష్ఠూరం సంగతి నేను ఊరికే చెప్పడం లేదు. అమెరికాలో కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు ఆస్పత్రిలో చేరిన 55 ఏళ్లు దాటిన 596 మందిని రెండేళ్ల పాటు గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. దేవుడు నన్ను వదిలేశాడా, ఆయనకు నా మీద ప్రేమ లేదా అనే బాధలో కూరుకుపోయినవాళ్లలో మరణం ముప్పు ఎక్కువగా కనిపించింది. ఇది లెక్కల్లో కనిపించిన సంబంధం మాత్రమే, బాధపడితే పోతారని దాని అర్థం కాదు. కానీ రోగి మనసులో ‘వదిలేశాడు’ అన్న మాట నాటుకోనివ్వకుండా చూడటం పక్కనున్నవాళ్ల పని అని నాకు దాంతో గట్టిగా తోచింది. మనం చేసేదేమో సరిగ్గా దానికి ఎదురు. పలకరించడానికి వచ్చినవాళ్లు బత్తాయిలు పక్కన పెట్టి (పొటాషియం వల్ల అవి ఆయన తినకూడదు కూడా), “ఏ జన్మల జేసిన పాపమో, అనుభవించక తప్పుతదా” అని పోయేవాళ్లు. అంత కఠినమైన మాటను ఎంత తేలిగ్గా అనేస్తారో. ఆ మాట విన్న రాత్రి ఆయన అన్నం ముట్టేవారు కాదు. అందరికీ చేతులెత్తి చెబుతున్నాను, రోగి మంచం పక్కన కర్మ సిద్ధాంతం చెప్పకండి. గజేంద్రుడికి కూడా పూర్వజన్మ శాపం ఉంది. ఇంద్రద్యుమ్నుడనే రాజుగా ఉన్నప్పుడు అగస్త్యుడు శపించాడు. కానీ పోతన ఆ సంగతి కథ చివర, ఏనుగు ఒడ్డున పడ్డాక చెబుతాడు. మొసలి నోట్లో కాలున్నప్పుడు చెప్పలేదు.

2020 వచ్చింది. మార్చిలో కరోనా వల్ల గుళ్లన్నీ మూశారు. ఏప్రిల్ 2న భద్రాద్రిలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా జరిగింది. మా తరంలో ఎప్పుడూ చూడనిది. టీవీ ముందు కూర్చుని తలంబ్రాలు చూశాం. ఆ నెలలోనే సూర్యాపేట మార్కెట్ దగ్గర కేసులు పెరిగి వీధులకు వీధులు కట్టెలు కట్టి మూసేశారు. దేశమంతా ఇంట్లో ఉండొచ్చు గానీ డయాలసిస్ మనిషి ఉండలేడు. ఒక దఫా తప్పితే ఊపిరితిత్తుల్లోకి నీరు రావచ్చు, పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. ఆస్పత్రి కాగితం పట్టుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఖాళీ రోడ్డు మీద పోయేవాళ్లం. అర్వపల్లి గుట్ట మీద గుడికి తాళం ఉందని తెలిసినా ఆయన చెయ్యెత్తడం మానలేదు. తెరిచిన గుడికి పెట్టినట్టే పెట్టారు.

పరిస్థితులు కొంచెం కుదుటపడ్డాక, డయాలసిస్ లేని ఒక రోజు చూసుకుని వాడపల్లి తీసుకెళ్లమన్నారు. మిర్యాలగూడ దాటి దామరచర్ల మీదుగా పోవాలి. కృష్ణలో మూసీ కలిసే చోటు. అక్కడ అగస్త్యేశ్వరుడి గుడి, లక్ష్మీనరసింహస్వామి గుడి రెండూ ఉన్నాయి. నరసింహస్వామి గర్భగుడిలో రెండు దీపాలు వెలుగుతుంటాయి. కిందున్న దీపం నిశ్చలంగా ఉంటుంది. స్వామి ముఖం దగ్గరున్న దీపం మాత్రం ఎప్పుడూ అల్లల్లాడుతూ ఉంటుంది. అది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసలకు అట్లా ఆడుతుందని భక్తుల నమ్మకం. పూజారి హారతి పక్కకు తీసి ఆ రెండు దీపాలూ చూపించారు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూసేసరికి మా ఆయన ఆ పై దీపాన్నే చూస్తూ ఉన్నారు. కుడిచేతి రెండు వేళ్లు ఎడమ మణికట్టు మీద ఉన్నాయి. అట్లా చాలాసేపు ఉన్నారు, వెనక క్యూలో వాళ్లు కూడా ఏమీ అనలేదు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, “ఆయన వచ్చుడు సంగతి ఇడిసిపెట్టు. ఉన్నడు. నాకు గది సాలు” అన్నారు. మొదట్లో నేను గజేంద్రమోక్షం చదువుతుంటే, ఏనుగుకొచ్చిండు గని మనకొస్తడా అని అడిగిన మనిషే ఆయన.

ఆ తర్వాత భయం పోయిందా అంటే పోలేదు. సూదులు గుచ్చేటప్పుడు ముఖం తిప్పుకునేవారు. బీపీ పడిపోయి కళ్లు తేలేసిన రోజులున్నాయి. కానీ భయపడ్డ మనిషి ఒక్కడే లేడు అన్న తీరు ఆయనలో కనిపించేది. రాత్రి మెలకువ వస్తే నన్ను లేపడం తగ్గింది. పక్క మంచం మీద కొత్తగా చేరిన కుర్రాడు ఏడుస్తుంటే తన బదిలీల కథలు, చిల్లర తగాదాల కథలు చెప్పి ఊరడించేవారు. ఇక ఒక విషయం స్పష్టంగా చెప్పాలి: ఒక్క దఫా మిషన్ మానలేదు, ఒక్క మాత్ర ఆపలేదు. ఉప్పు, పులుసు, కొబ్బరినీళ్లు, ఏది వద్దంటే అది ముట్టలేదు. దేవుడున్నాడని చికిత్స మానేసి నాటు వైద్యానికి పోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లను ఆ బెంచీల మీదే చూశాను. గజేంద్రుడు కూడా బలం ఉన్నంతసేపూ మొసలితో పోరాడాడు కదా.

2022 వానాకాలంలో ఆయన పోయారు.

అప్పటి నుంచి నన్ను చాలామంది అడగకనే అడిగే ప్రశ్న ఒకటుంది. అంత చదివారు, ఏమైంది? దానికి నా జవాబు కూడా ఆ కథలోనే ఉంది. మనం గజేంద్రమోక్షం అనగానే ఏనుగు బతికి బట్టకట్టి, మందతో మళ్లీ అడవికి పోయిందన్నట్టు ఊహించుకుంటాం. కథ చివరిదాకా చదవండి. చక్రం మొసలి తల నరికింది, హరి చేయి తగలగానే గజేంద్రుడి ఒంటి తాపం చల్లారింది. ఆ తర్వాత ఆయన ఏనుగుగా అడవికి తిరిగిపోలేదు. ఆ దేహం వదిలి, హరి రూపం పొంది, ఆయన వెంటే వెళ్లిపోయాడు. పేరులోనే మోక్షం అని ఉంది. ఒడ్డున నిలబడ్డ ఆడ ఏనుగులు మళ్లీ అడవి దారి పట్టి ఉంటాయి, వాటి గురించి కథ ఇంకేం చెప్పదు. వాటిలో ఒకదాన్ని నేను. నాకు దుఃఖం తీరిందని చెప్పను. మా ఆయన తన పోరులో ఒంటరిగా పోలేదని మాత్రం నా కళ్లతో చూశాను కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు రాత్రిళ్లు నాకు మెలకువ వస్తుంది. లేచి కూర్చుని, ఉన్నావా అని అడుగుతాను. అనుమానంతోనే అడుగుతాను.

ఈ మధ్య మా వీధిలో ఒకామె భర్తకు డయాలసిస్ మొదలైంది. కౌలుకు పత్తి పెట్టుకునే కుటుంబం. ఆమె వచ్చి గడపలోనే కూర్చుని, “టీచరమ్మా, గా ఏనుగు కథ సదివితే తగ్గుతదంట గదా?” అంది.

“తగ్గుతదని నేను చెప్పలేను బిడ్డా. మిషన్ మానొద్దు, మందులు ఆపొద్దు.”

“మరెందుకు సదవాలె?”

“నువ్వు వారానికి మూడుసార్లు పని ఇడిసిపెట్టి పోయి ఆయన పక్కన కూసుంటున్నవు. నువ్వు కూసుంటే కిడ్నీ బాగైతదా?”

“కాదు. ఆయనకు బుగులైతది గదా, నేనుంటే జర ధైర్యముంటది.”

“గందుకే సదవాలె.”

తాత్పర్యంతో సహా తిరుమల తిరుపతి దేవస్థానం వేసిన పోతన భాగవతం మా ఇంట్లో ఉంది. ఎనిమిదో స్కంధం ఉన్న సంపుటం ఆమె చేతికిచ్చాను. ఆమెకు చదవడం రాదు. కొడుకు ఇంటర్ చదువుతున్నాడు. పద్యం ఎక్కడ విడగొట్టి చదవాలో ఆదివారం నుంచి వాడికి చెబుతానన్నాను, మడుగు దగ్గర మొదలుపెట్టి.